సగం పక్షి

రాత్రి పదకొండుకి మొదలుపెట్టాను.
కిటికీ అవతల బాల్టిక్ సముద్రం. కనిపించదు, వినిపిస్తుంది.
ఇవతల ఈ పెట్టె. దీనికి వండి తెచ్చిన కూడు పనికిరాదు,
గింజలే కావాలి. తనే దంచుకుంటుంది, తనే చెరుగుతుంది,
తన ఒంటికి సరిపడేలా తనే వండుకుంటుంది.
హెల్దుర్ అలా అలవాటు చేశాడు.
"కొన్న కోటు భుజాల దగ్గర పట్టేస్తుంది" అనేవాడు.
సారెమా దీవి కొసన, పక్షుల్ని లెక్కపెట్టే ఈ చెక్క గదికి
కంప్యూటర్ మోసుకొచ్చిన మొదటి మనిషి.

ఇవాళ పైథాన్ మారాలి.
మూడు పాయింట్ పన్నెండు పోయి పదమూడు రావాలి.
ఒక్క పూటలో అయ్యేది కాదు. కొన్నాళ్లు రెండూ ఒకే కప్పు కింద ఉండాలి,
ఒక్కో ప్యాకేజీ పాత చెయ్యి వదిలి
కొత్త చెయ్యి పట్టుకునేదాకా.
తొందరపడి పాతదాన్ని గెంటేస్తే, ప్యాకేజీలు తెచ్చే పనిముట్టు
నిలబడ్డదే పైథాన్ మీద, కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టే.
నిరుడు మార్చిలో నరుక్కున్నాను.
ఎర్గోకి చెప్పకండి,
డిస్కు పాడైందనే అనుకుంటున్నాడు ఇంకా.

ఈ యంత్రంలో నేను కోరి పెట్టుకున్నవాటికి ఒక పట్టిక ఉంది.
దాని పేరు ప్రపంచం.
అంతా కలిపి ముప్పై ఎనిమిది పేర్లు.
ప్రపంచాన్ని మళ్లీ కట్టమని చెప్పి
టీ పెట్టుకోడానికి లేచాను.

రెండు వందల పదకొండులో నలభై.
అరవై ఏడు.
ఫ్యాను ఆయాసపడుతోంది, ఆ వేడికి
తడి మేజోళ్లు ఆరేశాను.
నూట నాలుగు దగ్గర ఎర్ర అక్షరాలు.

ఎర్ర అక్షరాల్ని కింది నుంచి పైకి చదవాలి,
ఎవరు ఎవర్ని పట్టుకుని వేలాడుతున్నారో.
అన్నిటి అడుగునా ఒక ముసలి పైథాన్, రెండు పాయింట్ ఏడు,
లోకం ఎప్పుడో నీళ్లొదిలేసింది.
కొత్త కంపైలర్ దాన్ని కట్టనని మొరాయించింది.
దాన్ని పోనివ్వకుండా పట్టుకున్నది ఒకే ఒక్క ఫైలు:
బాతుల సగటు తీసేది. నూట పన్నెండు వరసలు.
రాసింది హెల్దుర్.

సరే, ఫైలునే మారుద్దాం.
ప్రింట్ అన్న ప్రతిచోటా బ్రాకెట్లు తొడిగాను,
బయటికెళ్లే పిల్లలకి చేతితొడుగులు వేసినట్టు, ఒక్కోదానికీ.
నడిచింది.
నిన్నటి లెక్క ఇచ్చి చూశాను.
పొడుగుతోక బాతులు: గట్టు మీంచి నేను 418,
దీపస్తంభం ఎక్కి ఎర్గో 421.
పాతది 419 అనేది.
కొత్తది 419.5 అంది.

సగం పక్షి.

పాత భాషలో భాగించగా మిగిలింది రాలిపోయేది,
చప్పుడు చెయ్యకుండా.
ఇరవై ఏళ్లుగా, మొత్తం బేసి వచ్చిన ప్రతి పొద్దునా
ఒక సగం పక్షి
ఈ గది నేలమీద రాలుతూనే ఉంది.

ఏడింటికి కురెస్సారెకి ఫోన్ చేశాను.
హెల్దుర్ చేపలకి పొగ పెడుతున్నాడు, ఒకటే దగ్గు.
"తెలుసు కెర్తూ. నలభై ఏళ్లు ఆకాశం చూశాను,
సగం పక్షి ఎగరడం చూళ్లేదు."
కాసేపాగి,
"నీకు కనిపిస్తే ఉంచుకో."

ఆ వరసలో ఇంకో ఏటవాలు గీత చేరిస్తే చాలు,
మళ్లీ పాతలాగే రాలిపోతుంది.
ఆ మీట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.
ఆ సగం, బాతు కాదు.
నేను టీ పోసుకుంటుంటే ఎర్గో చూసినది,
వాడు కళ్లద్దాలు తుడుచుకుంటుంటే నేను చూసినది.
గీత పెట్టలేదు.
పాత పుస్తకాలతో లెక్క కలవదు.
ఏ తేదీ నుంచి కలవదో ఫైలు నెత్తిన రాశాను,
హెల్దుర్ పేరు చెరపకుండా, దాని కింద నాది.

తర్వాత ఆ ముసలిదాన్ని తీసెయ్యమన్నాను.
అది వెంటనే తియ్యదు, వెనక్కి లెక్కపెడుతుంది.
ఐదు, నాలుగు, మూడు,
ఆపాలంటే ఆపొచ్చు,
రెండు.

ఎర్గో బూట్లు దులుపుకుంటూ లోపలికొచ్చాడు.
"రాత్రంతా ఏం చేశావ్?"
"రెండు వందల పదకొండులో నూట నాలుగు."
మేజోళ్లు ఆరాయి.